అంచు మీది బంగారం

ఓబులేసుకు పొద్దున్నుంచీ కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. భార్య చౌడేశ్వరి అలిగి జమ్మలమడుగులోని పుట్టింటికి పోయింది. తప్పంతా ఇతనిదే. ఆమె బట్టల కొట్లో పనిచేసుకుంటుంటే గంటగంటకూ ఫోన్ చేసి, ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు అని పీక్కుతినేవాడు. ఈ పొద్దున ఫోన్లో ఆమె ఒకే మాట చెప్పింది. "సాయంత్రం బస్సుకు వస్తా. ఈలోగా ఒక్కసారి ఫోన్ చేసి అడిగినా ఇంక రాను."

వీళ్ళుండే ప్రొద్దుటూరులో దస్తగిరి ఉస్తాద్ తూకం మిషన్లు బాగుచేస్తాడు. పని నేర్చుకునేవాళ్ళూ, మనసు బాగాలేనివాళ్ళూ ఆయన దగ్గరికే వస్తారు. ఓబులేసు ఆ రెండు రకాలూను.

"ఆమె మనసులో ఏముందో ఎట్ల తెలుసుకునేది, ఉస్తాద్?"

ఉస్తాద్ తూకం మిషన్‌లో పెట్టే చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి తీసి అతని చేతిలో పెట్టాడు. దానికి వేరే పిన్నులేం లేవు. అంచు మీద బంగారు పూత పూసిన సన్నటి గీతలే పిన్నులు. ఆ అంచును మిషన్ స్లాటులో దూరిస్తే పచ్చ దీపం వెలగాలి.

"ఇది పెట్టు. గట్టిగా కూర్చునిందని నీకు నమ్మకం కుదిరినాక చెప్పు," అని నమాజుకు పోయాడు.

ఓబులేసు పెట్టాడు. దీపం వెలిగింది. అంతటితో ఊరుకుంటే అతను ఓబులేసు ఎందుకవుతాడు! తీసి చూశాడు, మళ్ళీ పెట్టాడు. వెలిగింది. ఏమో, పైపైన తగిలి వెలుగుతోందేమో! మళ్ళీ తీసి, రబ్బరుతో అంచు బాగా రుద్ది, ఉఫ్ఫుమని ఊది పెట్టాడు. తీస్తూ, రుద్దుతూ, పెడుతూ ఆ మధ్యాహ్నమంతా గడిపాడు.

ఉస్తాద్ వచ్చేసరికి దీపం మినుకుమినుకుమంటోంది. కాసేపటికి ఆరిపోయింది.

"బోర్డే మంచిది కాదు ఉస్తాద్! నేను అనుకుంటానే ఉన్నా."

ఉస్తాద్ బోర్డును వెలుగులో పట్టి చూపించాడు. అంచు మీద బంగారం లేదు. కింది రాగి ఎర్రగా తేలింది.

"మొదట పెట్టినప్పుడు వెలిగిందా?"

"వెలిగింది."

"మరి ఎందుకు తీసినావు?"

"గట్టిగా ఉందో లేదో చూద్దామని..."

ఉస్తాద్ అలాంటిదే కొత్త బోర్డు ఇచ్చాడు. ఓబులేసు పెట్టాడు. దీపం వెలిగింది. అతని చేయి బోర్డు దాకా పోయి ఆగింది. అక్కణ్ణుంచి జేబులో ఉన్న ఫోన్ మీదికి పోయింది. అక్కడా ఆగింది.

"బస్టాండుకు పో నాయనా," అన్నాడు ఉస్తాద్. "ఫోన్ ఈడ్నే ఉండనీ."