పిప్పలి తీగ, రాజుగారి బావి

నల్లరేగడి నేలలు కనుచూపు మేర పరచుకున్న ఒకానొక రాజ్యాన్ని రణకేసరి అనే రాజు ఏలుతుండేవాడు. ఆయన వేటకు పోయినా, యుద్ధానికి పోయినా తన కోట బావి నీళ్ళే తాగేవాడు. రాగి బిందె మోసే మనిషి ఒకడు నీడలా వెంట నడిచేవాడు.

రాజుగారికి దగ్గు. దానికి వైద్యుడు పిప్పళ్ళు నూరి తేనెతో ఇచ్చేవాడు. అవి పది రోజుల ప్రయాణం దూరంలోని కొండల నుంచి రావాలి.

"నా గొడుగు కింద నేలంతా ఒకటే. ఇక్కడే పండించండి!" అన్నాడు రాజు.

భటులు కొండకు పోయి పిప్పలి తీగలనూ, వాటిని పెంచే చిలకమ్మనూ తెచ్చారు. ఆమెకు భర్త లేడు. ఇద్దరు కూతుళ్ళను అక్క దగ్గర వదిలి వచ్చింది.

"తోట కాపుకొచ్చిన రోజున ఇంటికి పోవచ్చు" అని రాజాజ్ఞ.

కోట వెనక తోటలో ఆమెకొక పాక ఇచ్చారు. ఆమె యాసకు తోటవాళ్ళు నవ్వేవారు. అందుకని ఆమె తీగలతోనే మాట్లాడుకునేది. కొండకు ఉప్పు తోలే బండివాడు నెలకోసారి ఒక దారం తెచ్చి ఇచ్చేవాడు. చిన్నపిల్లను గోడకు నిలబెట్టి, పాదం నుంచి నడినెత్తి దాకా కొలిచి పెద్దమ్మ తెంపిన దారం అది.

"పిల్ల సరిగా తింటోందా అన్నా? చన్నీళ్ళు పోసుకోవడం లేదు కదా?" అని అడిగేది చిలకమ్మ.

"ఉప్పు దించి వచ్చేవాణ్ణి, నాకేం తెలుసమ్మా" అనేవాడతను.

పాక వాసానికి ఎనిమిది దారాలు వేలాడాయి. ప్రతిదీ ముందుదానికన్నా కాస్త పొడుగు.

తీగలు మాత్రం ఎండలకు మాడాయి. వానలకు నీరు నిలిచి వేళ్ళు కుళ్ళాయి. ఆమె పందిళ్ళు వేసింది, కాలువలు తీసింది. బతకవని తెలిసినా ఒక్క పూట పని మానలేదు.

ఒక మధ్యాహ్నం రాజు మంత్రి భైరవయ్యతో తోటకు వచ్చాడు.

"ఒక్క కాయైనా లేదేమిటి?" అని అడిగాడు రాజు.

"మా కొండవాలులో నీరు నిలవదు దొరా. పొద్దెక్కేదాకా మంచు, ఆపైన పెద్ద చెట్ల నీడ. ఈ తీగ బతుకు అది. మీ నల్లమట్టి తడి పట్టుకుని జొన్నను ఆకాశానికి పెంచుతుంది. దీన్ని మాత్రం ఊపిరాడనివ్వదు."

"మట్టి మట్టే, నీళ్ళు నీళ్ళే! అన్నీ సాకులు. ఇంకో ఏడాది ఉంచుదాం ప్రభూ" అన్నాడు మంత్రి.

ఇంకో పన్నెండు దారాలు! అనుకుంది చిలకమ్మ. రాజు ఎండకు చెమటలు కక్కుతూ దాహానికి చెయ్యి చాచాడు. ఆమె చప్పున ముందుకు వచ్చి బిందె మనిషి చేతిలోని వెండి గిన్నె అందుకుంది. తోట బావి దగ్గరికి పోయి, ముందు తాను దోసెడు తాగి, గిన్నె నింపి తెచ్చింది.

రాజు ఒక గుక్క తాగి తుపుక్కున ఉమ్మేశాడు. "ఇవి నా బావి నీళ్ళు కావు!"

భటులు కత్తుల మీద చేతులు వేశారు.

"ఈ తోట బావివి దొరా. మీ బావికి నూరడుగుల దూరం. నేను ముందు తాగే ఇచ్చాను. నీళ్ళు నీళ్ళే కదా, మీకెట్లా తెలిసింది?"

"నా నాలుకకు తెలియదటే? పుట్టినప్పటి నుంచీ తాగుతున్నాను!"

"నూరడుగుల దూరపు నీళ్ళు మీకు ఒక్క గుక్క దిగలేదు. ఈ తీగ పది రోజుల దూరం నుంచి వచ్చి ఎనిమిది నెలలుగా తాగుతోంది. ఉమ్మేయడానికి దానికి నోరు లేదు దొరా."

రాజు మంత్రి వంక చూశాడు. మంత్రి తన చెప్పుల వంక చూసుకున్నాడు. రాజు ఫక్కున నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"మరి నువ్వెట్లా తాగావమ్మా ఇన్నాళ్ళు?"

ఆమె పాకలో వేలాడే దారాల వైపు చూసింది. రాజు అవేమిటని అడిగి తెలుసుకున్నాడు.

తోటలో జొన్న చల్లమనీ, పిప్పళ్ళు ఇకమీదట కొండ దగ్గరే మంచి ధరకు కొనమనీ ఆజ్ఞ అయింది. చిలకమ్మకు వెండి కడియాలు, ఎడ్లబండి బహుమానంగా ఇచ్చారు. దారాలు కొంగున ముడి వేసుకుని, ప్రాణమున్న ఒక్క తీగను తడిగుడ్డలో చుట్టుకుని ఆమె బండెక్కింది.

పదకొండో పొద్దున, కొండ మీది ఇంట్లో, చిన్నకూతురు ఎవరూ చెప్పకుండానే పోయి గోడకు ఆనుకుని నిలబడింది. చిలకమ్మ ఎనిమిదో దారం తీసి పాదం దగ్గర నుంచి పైకి పట్టింది.

దారం గోరంత తక్కువైంది.