చింత మొద్దులకు గొడ్డలి

గొడ్డలి కొనడం చిన్న పని. అయినా ఆ పని తన మీద పడిన రాత్రి దస్తగిరికి సరిగా నిద్ర పట్టలేదు.

గిద్దలూరు దాటాక అడవి అంచున ఫకీరు లతీఫ్ తాత మఠం ఉండేది. దాన్ని అందరూ ఆస్తానం అనేవాళ్లు. దారిన పోయేవాళ్లు ఎవరు వచ్చినా మధ్యాహ్నం అక్కడ అన్నం దొరికేది. ఏ ఊరని గాని, ఏ కులమని గాని అడిగేవాళ్లు కారు. ఆ పొయ్యి బాధ్యత ఇన్నేళ్లూ తాతే మోశాడు. ఆ ఏడు ఆయనకు చూపు మందగించింది. "ఇక దీన్ని ఒకరి చేతిలో పెట్టాలి" అని అందరి ముందూ అన్నాడు. ఎవరి చేతిలోనో చెప్పలేదు.

అది తనకే రావాలని దస్తగిరి కోరిక. అక్కడున్న వాళ్లలో వయసూ బలమూ ఉన్నవాడు అతడొక్కడే.

నిరుడు గాలివానకు పడిపోయిన చింతచెట్లను పక్క ఊరి రైతులు కోయించి, మొద్దులను బండ్ల మీద తెచ్చి ఆస్తానం కొట్టంలో వేశారు. పొయ్యికి చాలా కాలం వచ్చే సరుకు. కాని చింత మొద్దు మహా మొండిది. పాత గొడ్డలి మొదటి మొద్దుకే నెర్రెలిచ్చింది.

"మంచిది చూసి తీసుకురా నాయనా," అన్నాడు తాత. "మన ఇంట్లోకి."

దస్తగిరి గిద్దలూరు పోయి ముందు సామాన్ల అంగట్లో చూశాడు. అక్కడ కరెంటుతో మొద్దులు చీల్చే మిషను ఉంది. ఆస్తానంలో కరెంటు లేదు. అక్కణ్ణుంచి వీరాచారి కొలిమికి పోయాడు.

వీరాచారి పలుచటి గొడ్డళ్లను పక్కకు తోసేశాడు. "ఇవి చెట్టు నరకడానికి. మొద్దులో దిగితే మళ్లీ బయటికి రావు. చీల్చాలంటే బుగ్గలు ఉబ్బిన గొడ్డలి కావాలి. అది లోపలికి పోతూనే మొద్దును రెండు పక్కలకూ తోస్తుంది. ఇదిగో, ఇది తేలిక. ఇది నడి రకం. ఆ మూలది బరువు. ఇంతకీ కొట్టేది ఎవరు?"

"నేనే," అన్నాడు దస్తగిరి.

వీరాచారి అతని భుజాలు చూశాడు. "అయితే ఆ మూలది తీసుకో. నీ చేతికి అదే తగినది."

దస్తగిరి దాన్ని భుజాన వేసుకుని ఊరి నడుమ నుంచే నడిచి వచ్చాడు. వెనుక దారి ఉన్నా ఆ దారిన రాలేదు.

ఆస్తానం ఊడ్చే మౌలాలి ముసలివాడు. మోకాళ్లు పనిచెయ్యవు గాని నోరు బాగా పనిచేస్తుంది. "ఏమప్పా, గొడ్డలి తెమ్మంటే ఏనుగు తలకాయ తెచ్చావా?" అన్నాడు.

"నీకెందుకు తాతా, ఎత్తేది నువ్వా?"

"నేనెత్తితే నన్నెత్తడానికి నలుగురు రావాలి లే."

అందరూ నవ్వారు. దస్తగిరి మొద్దు నిలబెట్టి గొడ్డలి ఎత్తి వేశాడు. మొద్దు ఒక్క దెబ్బకు రెండుగా పడింది. నవ్వులు ఆగిపోయాయి. లతీఫ్ తాత అరుగు మీద నుంచి ఆ చప్పుడు విన్నాడు.

అది మొదలు రోజూ తెల్లవారగానే దస్తగిరి ఆ పూటకు కావలసినన్ని కట్టెలు కొట్టేవాడు. వచ్చినవాళ్లు నిలబడి చూసేవాళ్లు. మనిషి చేసే మంచి పనిని నలుగురు చూడటం మొదలుపెడితే, ఆ మనిషి మరింత జాగ్రత్తగా ఉండాలి. దస్తగిరి జాగ్రత్తగా లేడు.

ముసురు పట్టింది. వంట చేసే హుసేనమ్మ ఒక సాయంత్రం అతని దగ్గరికి వచ్చింది.

"నాయనా, రేపటికి కూడా నాలుగు కొట్టి పెట్టరాదా? బయట పుల్లలన్నీ తడిసిపోయినాయి."

"రేపు నేనుండనా చిన్నమ్మా?"

"ఉంటావులే. అయినా మనిషన్నాక జరమో తలనొప్పో..."

దస్తగిరి నవ్వాడు. "నాకేమీ రాదు. నేను ఉన్నన్నాళ్లు నీ పొయ్యి ఆరదు. నేను లేనినాడు చూసుకుందువులే!"

లోపల జపమాల తిప్పుతున్న లతీఫ్ తాత వేళ్లు ఆగాయి. కాసేపటికి మళ్లీ కదిలాయి.

మరునాడు పొద్దున గొడ్డలి తీసుకోబోతుంటే తాత పిలిచాడు.

"దస్తగిరీ, ఈరోజు నువ్వు ఇక్కడ లేవు."

"ఎక్కడికన్నా పోయి రావాలా స్వామీ?"

"ఎక్కడికీ పోవద్దు. ఆ అరుగు మీద కూర్చో. కాని నువ్వు లేవు."

గురువు మాట. దస్తగిరి కూర్చున్నాడు.

హుసేనమ్మ పొయ్యి దగ్గరికి పోయి చూసి, కట్టెలు లేక బయటికి వచ్చింది. అరుగు మీద ఉన్నవాణ్ణి చూసింది. తాత తల అడ్డంగా ఊపాడు. ఆమె ఇంకేమీ అడగకుండా కొంగు నడుముకు చుట్టి గొడ్డలి పట్టుకుంది. అది మోకాలి దాకా లేచింది. అంతకు మించి లేవలేదు. వదిలేస్తే కాలి పక్కనే పడింది.

మౌలాలి వచ్చాడు. గొడ్డలి కర్ర కామను పట్టుకుని ఒకసారి ఊగి, దాన్ని వదిలేసి మొద్దు మీదే కూలబడ్డాడు. ఈసారి జోకు వెయ్యలేదు.

మధ్యాహ్నమైంది. వాన తగ్గలేదు. అడవి దారిన ఒక చెంచు ఆడమనిషి చంకలో పసిబిడ్డతో వచ్చి చూరు కింద నిలబడింది. బిడ్డ రొమ్ము పట్టి లాగి, పాలు రాక ఏడుస్తున్నాడు.

"నిన్నటి నుంచి ఏమీ తినలేదమ్మా," అంది ఆమె, ఎవరి వైపూ చూడకుండా. "ఇక్కడ అన్నం పెడతారంటే వచ్చినా."

హుసేనమ్మ బుట్టలన్నీ వెతికి గుప్పెడు పుట్నాలు, చిన్న బెల్లం ముక్క తెచ్చి ఇచ్చింది. "ఇవి నములుతుండు తల్లీ, గంజి కాస్తాను," అంది. ఎట్లా కాస్తుందో ఆమెకూ తెలియదు.

దస్తగిరి లేచి నిలబడ్డాడు. "స్వామీ, ఒక్క మొద్దు. ఒక్క దెబ్బ చాలు!"

"ఎవరది మాట్లాడేది?" అన్నాడు తాత.

దస్తగిరి మళ్లీ కూర్చున్నాడు.

అప్పుడు లతీఫ్ తాత మెట్లు దిగి వచ్చాడు. చేత్తో తడుముకుని మొద్దు ఎక్కడుందో, గొడ్డలి ఎక్కడుందో చూసుకున్నాడు. కామను పైకి, దాదాపు ఇనుము దాకా పట్టుకున్నాడు. ఎత్తడం తన వల్ల కాదని ఆయనకు తెలుసు. జానెడు లేపి వదిలాడు. మళ్లీ జానెడు లేపి వదిలాడు. గొడ్డలి మొద్దును చీల్చలేదు. అంచు మీద చిన్న చిన్న పేళ్లు మాత్రం లేచాయి. హుసేనమ్మ వాటిని ఏరి ఒడిలో వేసుకుంది. మౌలాలి పాక్కుంటూ వచ్చి ఎగిరిపడిన వాటిని వెతికి తెచ్చాడు.

బిడ్డ ఏడుపు మధ్యమధ్య ఆగుతోంది. ఆగినప్పుడే దస్తగిరికి ఎక్కువ భయం వేసింది. అతని రెండు చేతులూ మోకాళ్ల మీద ఊరికే ఉన్నాయి. తన చేతుల్ని అతడు అంతసేపు ఎన్నడూ చూసుకోలేదు.

ఆ పేళ్లతో మంట పెట్టి గంజి కాచేసరికి పొద్దు వాలింది. మొదటి ముంత ఆ తల్లి తాగింది. కాసేపటికి బిడ్డ నోరు రొమ్ము మీద కుదురుకుంది.

చివరి ముంత తాత స్వయంగా తెచ్చి దస్తగిరి చేతికి ఇచ్చాడు. ఇస్తుంటే అతనికి ఆయన అరచేతులు కనిపించాయి. బొబ్బలు లేచి చితికిపోయి ఉన్నాయి.

"స్వామీ!"

"పొయ్యి నీ చేతిలో పెట్టమని అడగాలని ఉంది కదూ నీకు?" అన్నాడు తాత మెల్లగా. "అడుగు. ఇప్పుడు అడుగు."

దస్తగిరి ముంతను తాగకుండా అరుగు మీద పెట్టాడు. గంజి చల్లారిపోయింది.

చీకటి పడే ముందు హుసేనమ్మ గిన్నెలు తోముతుంటే వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"చిన్నమ్మా, రేపు పొద్దున వీరాచారి కొలిమికి పోదాం. నువ్వు కూడా రావాలి."

"నేనెందుకు నాయనా?"

"గొడ్డలి తేవాలి."

ఆమె చెయ్యి ఆపి అతని వైపు చూసింది. "అంత మంచి గొడ్డలి ఉంది కదా?"

"అది నా గొడ్డలి చిన్నమ్మా," అన్నాడు దస్తగిరి. "మన ఇంట్లోకి ఇంకా తేలేదు."