మసి పుయ్యని తాటాకు

ఒకానొక రాజ్యం, దాని పేరు తుంగవరం. ఏలేవాడు మార్తాండ భూపతి. మనిషి మంచివాడే గాని, తనకు తెలియనిది లోకంలో లేదనుకునే జబ్బు ఒకటుంది. ఆ జబ్బుకు మందు వేసే వైద్యుడు ఆస్థానంలో లేడు. ఉన్నా వెయ్యడు, తన తల మీద తీపికొద్దీ.

ఒక ఏడు ఆ రాజుకు ఊరూరా ఉన్న వీధిబడులన్నీ మూయించి, కోట పక్కన ఒకే ఒక పెద్ద పాఠశాల పెట్టాలని బుద్ధి పుట్టింది. అందులో పెద్ద అయ్యవారి కొలువు కావలసినవాళ్లు తమ యోగ్యతలు తాటాకు మీద రాసి తేవాలని దండోరా వేయించాడు. ఏం చదివారు, ఏ బిరుదులు పొందారు, తమ దగ్గర చదివిన ఘనుడైన శిష్యుడెవరు, అన్నీ అందులో ఉండాలి. ప్రతి పత్రమూ తానే స్వయంగా చదువుతానన్నాడు. నచ్చకపోతే రాసినవాడి గంటం సభలోనే విరిచేస్తారు. ఆ తర్వాత వాడు ఈ రాజ్యంలో ఒక్క పిల్లవాడికి కూడా అక్షరం చెప్పడానికి లేదు.

పునుగుపాడులో గవరయ్య అని ఒక ముసలి అయ్యవారుండేవాడు. ముప్పై అయిదేళ్లుగా కుమ్మరుల పిల్లలకూ గొల్లల పిల్లలకూ ఇసుకలో దిద్దించిన చెయ్యి అతనిది. తలకట్టు వంకరపోతే మళ్లీ మొదటినుంచి దిద్దించేవాడు. ఎవరైనా ఒక మాట అంటే జన్మలో మర్చిపోయేవాడు కాడు. ఇరవై ఏళ్ల కిందట ఒక పెళ్లిలో శంభులింగావధాని అనే పండితుడు అతన్ని "ఇసుక పంతులు" అన్నాడు. ఆ మాటే కాదు, ఆ పూట వడ్డించిన కూరలు కూడా గవరయ్యకు ఇంకా గుర్తే.

తండ్రి ఇచ్చిపోయిన గంటం మొలలో దోపుకుని, శ్రద్ధగా రాసి మసి పూసిన పత్రం పట్టుకుని గవరయ్య కోటకు వచ్చాడు. రాకపోతే బడి ఎలాగూ మూతపడుతుంది.

సభామంటపం గుమ్మం పక్కన విరిగిన గంటాలు కుప్పగా పడి ఉన్నాయి. లెక్కపెట్టాడు, పదకొండు. స్తంభం చాటున నిలబడి లోపలికి చూశాడు.

అప్పుడు రాజు ముందు నిలబడినవాడు ఆ శంభులింగావధానే. పట్టుగుడ్డలో చుట్టి, ఎర్రదారం బిగించి కట్టిన ఇంత లావు కట్ట రాజు చేతికిచ్చాడు. రాజు దాన్ని పైకెత్తి, కళ్లు మూసి, పెదాలు కదిపి, "చదివాము. దివ్యంగా ఉంది" అని పక్కన పెట్టించాడు. ఆ తర్వాతి పంతులు సన్నపాటి ఆకు ఇచ్చాడు. రాజు దాన్ని వేళ్లతో తూచినట్టు ఆడించి, "చదివాము. పనికిరాదు" అన్నాడు. గంటం ఫెళ్లుమంది. ఆ పంతులు ఏడుస్తూ గవరయ్య పక్కనుంచే వెళ్లిపోయాడు.

గవరయ్య చూపు పట్టుగుడ్డ కట్ట మీదే ఉంది. ఎర్రదారం ముడి వేసింది వేసినట్టే ఉంది.

అతను గబగబా వెనక్కి తిరిగాడు. ఇంట్లో రాసుకొచ్చిన పత్రం అంగవస్త్రంలో దాచేశాడు. సంచిలోంచి కొత్త ఆకు తీసి, మోకాలి మీద పెట్టుకుని, గంటంతో నాలుగు వరుసలు గీశాడు. మసి మాత్రం పుయ్యలేదు. గంటంతో గీసిన గీతలో మసి దిగితేనే కదా అక్షరం పైకి కనబడేది. లేకపోతే అది ఉత్త ఆకే, వెలుగుకు ఏటవాలుగా పెట్టి కళ్లు చికిలిస్తే తప్ప.

పేరు పిలిచారు. భటుడు గంటం లాక్కుని రెండు చేతుల్లో పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. రాజు ఆ ఒక్క ఆకునూ అందుకుని పెదవి విరిచాడు.

"చదివాము. పనికిరాదు."

భటుడి పిడికిళ్లు బిగిశాయి. గవరయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. "ప్రభూ, ఇందులో తప్పెక్కడుందో సెలవిస్తే, చచ్చేలోపు దిద్దుకుంటాను" అన్నాడు.

"తప్పేముంది. అందరిలాగే నీ గొప్పలు రాసుకున్నావు. ఆ బిరుదులు మాకు ఆనలేదు."

"ఎన్ని బిరుదులున్నాయి ప్రభూ?"

"ఏవో మూడు నాలుగు."

గవరయ్య చేతులు జోడించి, దీపస్తంభం మీది మసి ఒక్క వేలెడు ఇప్పించమన్నాడు. ఎందుకో ఎవరికీ బోధపడలేదు. మంత్రి విరూపాక్షుడు తెచ్చి ఇచ్చాడు. గవరయ్య తన ఆకు తీసుకుని, దాని మీద ఆ మసి పూసి, అంగవస్త్రం కొసతో తుడిచాడు. సభ చూస్తుండగానే ఉత్త ఆకు మీద నల్లగా వరుసలు తేలాయి. అవధాని మొహం పాలిపోయింది. ఇంతసేపూ రాజు చదివింది ఏమిటో అతనికి అర్థమైంది. మిగతావాళ్లకూ అర్థమైంది గాని, అందరూ నేల చూపులు చూశారు.

"చదువు" అన్నాడు రాజు మంత్రితో, మెల్లగా.

మంత్రి చదివాడు. "నాకు బిరుదులు లేవు. నా బడిలో మొదటి పాఠం, తెలియనప్పుడు తెలియదని చెప్పడం. అది వచ్చినవాడికి మిగతా చదువంతా నేను చెప్పగలను. ఘనుడైన శిష్యుడి పేరు..." మంత్రి ఆగాడు. "ఆ తర్వాత చోటు ఖాళీగా ఉంది ప్రభూ."

రాజు ఆకు అందుకుని, ఆ ఖాళీ చోటు మీద వేలు పెట్టి చూశాడు. భటుడు గంటాన్ని విరవాలో దించాలో తెలియక అలాగే పట్టుకుని ఉన్నాడు. గవరయ్య కళ్లు దాని మీదే.

"పంతులూ, ఆ మొదటి పాఠం ఎన్నాళ్లకు వస్తుంది?"

"పసివాళ్లకు వారం ప్రభూ. పెద్దవాళ్లకు ఏడాది. పండితులకు నేను చెప్పలేను."

"రాజులకో?"

"అది ఏలినవారు ఇప్పుడు ఆడబోయే మాటలో ఉంది."

మంత్రి తల దించుకున్నాడు. రాజు సింహాసనం మీద కదిలాడు, మీసం మీద చెయ్యి వేశాడు, తీశాడు.

"నేను చదవలేదు" అన్నాడు. "నీదే కాదు, ఎవరిదీ చదవలేదు."

గవరయ్య వంగి దండం పెట్టాడు. "అయితే ఖాళీ వదిలిన చోట పేరు రాసుకోవడానికి నా గంటం ఇప్పించండి ప్రభూ. మార్తాండ భూపతి, పునుగుపాడు అయ్యవారి శిష్యుడు. పాఠం పట్టిన కాలం, అరగడియ."

రాజు కన్నార్పకుండా చూసి, ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, పెద్ద అయ్యవారి కొలువు గవరయ్యదేనన్నాడు, చేతి కంకణం తీసి తొడిగాడు, ఇంకేం కావాలో అడగమన్నాడు.

గవరయ్య మూడు అడిగాడు. గంటాలు విరిగిన పన్నెండుమందికీ కొత్తవి ఇప్పించి పత్రాలు మళ్లీ చదవాలి. ఊళ్ళో బడులు ఊళ్ళోనే ఉండాలి. మూడోది చెప్పే ముందు అవధాని వంక చూశాడు. ఆ ఎర్రదారం సభలోనే విప్పాలి.

విప్పారు. పై ఆకు నిండా బిరుదులు, అడుగు ఆకు నిండా బిరుదులు. నడుమ ఉన్న నూటపది ఆకులూ ఉత్తవి.

"మసి పూయించమంటావా పంతులూ?" అన్నాడు రాజు నవ్వుతూ.

"దండగ ప్రభూ" అన్నాడు గవరయ్య. "వీటిలో గీత పడలేదు. వారిని రేపు పొద్దున్నే నా బడికి పంపండి. ఇసుక సిద్ధంగా ఉంటుంది."

రాజుకు ఆ మొదటి పాఠం అరగడియలో వచ్చేసింది. అవధానికి మాత్రం, తుంగవరంలో తెలిసినవాళ్లు చెప్పేదాన్నిబట్టి, మూడేళ్లు పట్టింది.