ఒకే గిన్నె, పది వీడియోలు

సాలూరు దగ్గర ఒక పల్లెలో పోలినాయుడు అనే దర్జీ ఉండేవాడు. ఫోనులో ఏ మాటైనా నాలుగుసార్లు కనబడితే చాలు, నమ్మేసేవాడు. మిషను తొక్కుతున్నంతసేపూ ఎదురుగా ఫోను ఆడుతూనే ఉండేది.

ఒకరోజు బడి భోజనం బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారని ఒక వీడియో వచ్చింది. ఎవరిదో చెయ్యి గిన్నెడు నీళ్ళలో బియ్యం పోసింది. కొన్ని గింజలు పైకి తేలాయి. పోలినాయుడు కళ్ళప్పగించి చివరిదాకా చూశాడు. అది అవగానే అలాంటిదే ఇంకొకటి వచ్చింది. సాయంత్రానికి పది చూశాడు. పది గొంతులూ అదే మాట అన్నాయి.

"లోకమంతా చెబుతుంటే అబద్ధం ఎలా అవుతుంది?" అన్నాడు. కూతుర్ని బడిలో తినొద్దన్నాడు. జాకెట్ల కొలతలకు వచ్చిన ఆడవాళ్ళందరికీ ఆ వీడియోలు చూపించాడు, వాళ్ళ ఫోన్లకూ పంపాడు. వారం తిరక్కుండా బడిలో భోజనానికి కూర్చునే పిల్లలు సగానికి తగ్గిపోయారు.

బడిలో వండే సన్యాసమ్మ కొట్టు ముందుకొచ్చి నిలబడింది.

"ఏటి తమ్ముడూ, నా చేతి అన్నం విషమంటన్నావట?"

"నీ చేతిని అనలేదక్కా, బియ్యాన్నన్నాను."

"ఆ తేలేవి బియ్యప్పిండిలో ఇనుమూ విటమిన్లూ కలిపి చేసిన గింజలు. పిల్లలకి రక్తం పట్టాలని కలుపుతారు. హెడ్మాస్టరు గారు బడి మీటింగులో చెప్పినప్పుడు నువ్వు ఫోను చూసుకుంటన్నావు. పిల్లలు ఇలాగే తినడం మానేస్తే నా పని తీసేస్తారట."

"నేనొక్కణ్ణే అన్నానా? లోకమంతా..."

"నా ఫోనులో లేదే ఆ లోకం!" సన్యాసమ్మ తన ఫోను తీసి చూపించింది. వరసగా చేపల పులుసులు, ముగ్గులు. "నేను ఇవి చూస్తాను, ఇవే వస్తాయి. నువ్వు అవి చూశావు, అవే వచ్చాయి."

పోలినాయుడికి పౌరుషం వచ్చింది. "పదిమంది చెప్పారక్కా, నువ్వే చూడు" అని ఒక్కొక్కటే పెట్టాడు. మూడోదాని దగ్గర అతని వేలు ఆగింది. గిన్నె కింద పరిచిన గళ్ళగుడ్డ అంచు వంకరగా కుట్టి ఉంది. ఒకచోట కుట్టు తప్పి దారం వేలాడుతోంది. వెనక్కి వెళ్ళి మొదటిది చూశాడు. అదే వంకర, అదే దారం. పదింటిలోనూ అదే గుడ్డ, అదే గిన్నె, అదే చెయ్యి. గొంతులు మాత్రం మార్చారు.

"పదిమంది కాదక్కా, ఒక్కడే" అన్నాడు నీరసంగా.

"ఆ ముక్క నాకు కాదు, ఊళ్ళో చెప్పు."

పోలినాయుడు ఇంటింటికీ తిరిగాడు. ఒకావిడ గుమ్మంలోనే నవ్వింది. "నువ్వు పంపినవి చూశాక మా ఫోనులోనూ అవే వస్తన్నాయి. లోకమంతా చెబుతుంటే నువ్వొక్కడివీ కాదంటే నమ్మాలా?"

పోలినాయుడు వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

మర్నాడు మధ్యాహ్నం హెడ్మాస్టరు గారిని అడిగి, కూతురి పక్కన నేల మీద కూర్చుని, అందరూ చూస్తుండగా పళ్ళెం నిండా తిన్నాడు. ఆ తర్వాత కూడా రోజూ వెళ్ళాడు. పిల్లలు మెల్లగా తిరిగొచ్చారు. సన్యాసమ్మ పని నిలబడింది. కొందరు మాత్రం ఆ ఏడాదంతా ఇంటి నుంచే కారియర్లు తెచ్చుకున్నారు. వాళ్ళ అమ్మల భయం పోగొట్టడం పోలినాయుడి వల్ల కాలేదు.

ఒకే మాట పదిసార్లు కంటబడితే అది పదిమంది సాక్ష్యం అయిపోదు. ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో విచారించాకే నమ్మాలి. పదిమందికీ పంపిన అబద్ధాన్ని వెనక్కి తెచ్చుకోవడం పంపినవాడి తరం కూడా కాదు.