బీరువాలో కెమెరా

ఎవరేం అడిగినా కోదండపాణి మాస్టారు తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. మండపేటలో ఆయనది ఫొటో స్టూడియో. సెల్‌ఫోన్లలో ఇంకా కెమెరాలు లేని రోజులవి. అక్కడ పని నేర్చుకుంటున్న నీలవేణి ఓ పొద్దున అడిగింది.

"మాస్టారూ, ఇంట్లో రోజూ ఫొటోలు తీసుకోవడానికి ఏ డిజిటల్ కెమెరా కొనమంటారు? నా తాహతుకి తగ్గ చిన్నదా, కాస్త తంటాలు పడి పెద్దదా?"

మాస్టారు చెప్పులేసుకున్నారు. "పద, హైమవతిని చూసొద్దాం."

హైమవతి ఆయన పాత శిష్యురాలు. ఆవిడ కొడుకు పండుకి రెండేళ్ళు నిండినా నడక రాలేదు. మొక్కని దేవుడు లేడు, చూపించని డాక్టరు లేడు. వాడి మొదటి అడుగు ఫొటో తీయాలని శక్తికి మించి పెద్ద కెమెరా కొనిపెట్టుకుంది.

వీళ్ళు వెళ్ళి కూర్చున్నారో లేదో, పండు మంచంకోడు పట్టుకుని లేచాడు. లేచి, చెయ్యి వదిలేశాడు!

"అయ్యో, కెమెరా!" అని హైమవతి లోపలికి పరుగెత్తింది. కెమెరా బీరువాలో, తాళాలు అత్తగారి బొడ్లో, అత్తగారేమో మడికట్టుకుని వంటింట్లో. ముట్టుకోవడానికి లేదు.

"అత్తయ్యా, తాళాలు! మీకు పుణ్యముంటుంది, విసిరేయండి!"

ఆవిడ తడిచేత్తో ముడి విప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. బీరువాలో సంచీ, సంచీలో పెట్టె, పెట్టెలో పట్టుగుడ్డ. పాడవుతుందని బ్యాటరీ తీసి వేరే చోట దాచింది హైమవతి, మహాతల్లి!

ఇవతల పండు తూలుతూ అడుగేశాడు. మాస్టారు వాడు పడకుండా చేతులు చాచి వెనకే నడిచారు.

"అక్కా, ముందు ఇటు రా అక్కా!" నీలవేణి అరిచింది.

"వస్తున్నా, వస్తున్నా, ఒక్క క్షణం!" ఆవిడ బీరువాలోంచి తల తీస్తేనా! పండు గడప దాకా నడిచి, చతికిలబడి, అమ్మ కనపడక ఏడుపు లంకించుకున్నాడు.

హైమవతి కెమెరాతో వచ్చి కొయ్యబారిపోయింది. "నడిచాడా? ఎందాకా నడిచాడే?"

నీలవేణి గడప చూపించింది.

"నేను చూళ్ళేదే తల్లీ! కన్నతల్లిని, నేనే చూళ్ళేదే!" అని హైమవతి కెమెరా నేలమీద వదిలేసి, పిల్లాణ్ణి గుండెకి హత్తుకుని బావురుమంది. నీలవేణికీ కన్నీళ్ళాగలేదు.

తిరిగొచ్చి స్టూడియో మెట్లెక్కుతూ మాస్టారు నీలవేణితో అన్నారు.

"కొనడానికేముంది, రేపే కొందాం. ఎక్కడ పెడతావో మాత్రం ఇవాళే చూసుకో."