మేడగది తాళం

రాజధానిలో పూటకూళ్ల ఇల్లు నడిపే పానకాలయ్యకు తన మేడగది అంటే మహా గర్వం. దాని కిటికీలోంచి రాజుగారి కోట కనిపిస్తుందట. మూడోసారి బసకు వచ్చినవాళ్లకే ఆ గది ఇస్తాడట.

ఓ వాన సాయంత్రం గొంగళ్లు అమ్ముకునే బీరప్ప వచ్చాడు. పానకాలయ్య అతని బురదకాళ్లు చూసి ముక్కు చిట్లించాడు.

"కొత్తముఖాలకు గొడ్లపాక పక్క గదే. మేడగది నీలాంటివాడికి కాదు."

పాక పక్క గది కురుస్తోంది. గొంగళ్లు తడిస్తే పొద్దున సంతలో ఎవరూ కొనరు. బీరప్ప మేడమెట్లెక్కి చూసి దిగొచ్చాడు. అప్పుడే వర్తకులు కొందరు వచ్చి వసారాలో మూటలు దించుతున్నారు.

"అయ్యా, ఆ తాళం తుప్పుపట్టి గొళ్లేనికి అతుక్కుపోయింది. ఇన్నేళ్లలో ఇక్కడికి మూడోసారి వచ్చినవాడే లేడా?" అన్నాడు బీరప్ప అందరికీ వినబడేలా.

వర్తకుల చేతులు ఆగిపోయాయి.

"ఎందుకు లేడు? ఇదిగో, ఇతనే. మూడోసారి రావడం," అంటూ పానకాలయ్య కంగారుగా వెళ్లి, తాళం పగలగొట్టి, బీరప్పకు గది ఇచ్చాడు.

"ఏమయ్యా, ఇక్కడ అంత బాగుంటుందా?" అని కింద నుంచి అడిగాడు వర్తకుల పెద్ద.

బీరప్ప గొంగళ్లు పొడిగా పేర్చుకుని కిటికీ తెరిచాడు.

"ఆయన మాటే నిజమైతే, ఇక్కడికి మూడోసారి వచ్చిన తెలివితక్కువవాణ్ణి నేనొక్కణ్ణే."

కిటికీలోంచి కోట కనబడలేదు. మూటలెత్తుకుని ఎదుటి పూటకూళ్ల ఇంటికి వెళ్లిపోతున్న వర్తకులు మాత్రం చక్కగా కనబడ్డారు.