అడిగే మాట

ప్రశ్న తేలికైనదైతే ఆచార్య వేదాద్రిగారు వెంటనే జవాబు చెప్పేవారు. కష్టమైనదైతే జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వేసుకునేవారు. ఆయన దగ్గర భాషాశాస్త్రం చదివినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఆయన చెప్పులు వేసుకున్నారంటే వెంట నడవాలి, దారిలో ఇంకేమీ అడగకూడదు.

హెప్సిబా ఆయన దగ్గర చేరి నాలుగో ఏడు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళు మళ్ళీ కూడబలుక్కుంటూ మాట్లాడే తెలుగును కంప్యూటర్ అర్థం చేసుకునేలా చెయ్యడం ఆమె పరిశోధన. పెద్దాసుపత్రిలో నలభై మంది గొంతులు రికార్డు చేసింది. వాళ్ళలో ఆరుగురు ఇప్పుడు లేరు. విభాగంలో ఉన్న కంప్యూటర్‌కు ఆ గొంతులన్నీ నేర్చుకునే శక్తి లేదు. రోగి మొదటి అక్షరాలు పలికేసరికే తనకు తెలిసిన మాట ఏదో ఒకటి తగిలించి ఊరుకుంటుంది.

ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్లను నెట్ ద్వారా వాడుకునే వీలుంది. క్లౌడ్ అంటారు. పరిశోధకులకు ఆ సదుపాయాన్ని ఒక సంస్థ ఉచితంగా ఇస్తోంది. అర్జీ పెట్టుకోవాలి. శుక్రవారం సాయంత్రంతో గడువు ముగుస్తుంది. తప్పిపోతే మళ్ళీ ఏడాదికి గాని అర్జీలు పిలవరు. ఆమె ఫెలోషిప్ అప్పటిదాకా నిలవదు.

అర్జీలో మొదటి ప్రశ్న, 'మీకే ఎందుకు ఇవ్వాలి?' హెప్సిబా అక్కడే ఆగిపోయింది. మొదట 'దేశంలోనే ప్రథమంగా' అని రాసింది. చదువుకుంటే తనకే సిగ్గేసి కొట్టేసింది. రెండోసారి వినయంగా రాసింది. అది చదివితే ఇంకా బాధేసింది. హాస్టల్లో చదువుకున్న రోజుల్లో స్కాలర్‌షిప్పు కోసం, దుప్పటి కోసం, పరీక్ష ఫీజు కోసం ఎన్ని అర్జీలు రాసిందో. ప్రతిదాని చివరా 'తమరి దయ' అని రాయించేవారు. పెద్దయ్యాక ఆ మాట మళ్ళీ రాయనని అనుకుంది. ఇప్పుడు ఇంగ్లీషులో రాస్తున్నా ప్రతి వాక్యం వెనకా అదే మాట కనిపిస్తోంది. చివరికి, కావలసిన కంప్యూటర్ గంటల్లో సగమే అడిగితే కొంచెం గౌరవంగా ఉంటుందేమోనని అంకె తగ్గించింది.

గురువారం మధ్యాహ్నం ఆ కాగితాలు పట్టుకుని గురువుగారి గదికి వెళ్ళింది.

"అడిగీ తక్కువైపోకుండా ఉండాలంటే ఎలా అడగాలి సార్?" అంది.

వేదాద్రిగారు ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, కుర్చీ కింద కాళ్ళతో చెప్పులు వెతుక్కున్నారు.

ఆయన తీసుకెళ్ళింది పెద్దాసుపత్రికే. మాటలు నేర్పే గదిలో వీరాస్వామి అనే ఆయన కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసినవాడు. కుడి చెయ్యీ మాటా ఒకేసారి పడిపోయాయి. ఆయన గొంతు హెప్సిబాకు బాగా తెలుసు. రికార్డింగుల్లో మధ్యనుండే నిశ్శబ్దాలు కత్తిరించేసి మాటలు మాత్రం దాచుకునేది. ఆ నిశ్శబ్దాల్లో ఆయన ఎలా ఉంటాడో ఎప్పుడూ పట్టించుకోలేదు.

భార్య సీతారావమ్మ ఫ్లాస్కులోంచి గ్లాసులో టీ పోసి ఆయన ముందు పెట్టింది. చేతికివ్వలేదు. ఏదైనా నోటితో అడిగితేనే ఇమ్మని డాక్టరుగారు చెప్పారట. ఆమె ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వీరాస్వామి పెదవులు కదిలాయి. మెడ నరాలు ఉబ్బాయి. నుదుట చెమట పట్టింది.

"తా..." అన్నాడు. చాలాసేపటికి, "తాగా..." అన్నాడు.

హెప్సిబా ఉండబట్టలేకపోయింది. "తాగాలి, అంతేనా అండీ?" అంటూ గ్లాసు అందుకోబోయింది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కూడగట్టుకున్నదంతా చెదిరిపోయినట్టు భుజాలు జారాయి.

"కాసేపాగమ్మా," అంది సీతారావమ్మ మెల్లగా. "ఆయన్ని అననియ్యి."

మళ్ళీ మొదటినుంచి. టీ మీద మీగడ కట్టింది. ఎవరూ కదల్లేదు. ఆయన ఎడమచెయ్యి ఎత్తాడు. వేలు గ్లాసును చూపించలేదు, భార్యను చూపించింది.

"తాగా...వా?" అన్నాడు.

సీతారావమ్మ తల దించుకుంది. "ఇంకా లేదండీ," అంది. పొద్దున మొదటి బస్సుకు వచ్చిన మనిషి, అప్పటిదాకా ఏమీ తీసుకోలేదు. ఆయన ఎడమచేత్తో గ్లాసును ఆమె వైపు తోశాడు. ఆమె సగం తాగి మిగతా సగం ఆయనకిచ్చింది.

హెప్సిబా సీతారావమ్మ వైపు తిరిగింది. "మీ సంగతి ఒక అర్జీలో రాసుకుంటానమ్మా. పేర్లు రాయను. రాయొచ్చా?"

"ఆయన్నే అడుగు. చెప్తారు."

హెప్సిబా ఆయన ఎదురుగా పీట మీద కూర్చుని అడిగింది. తరవాత చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎంతసేపయిందో ఆమె చూసుకోలేదు. "రా...య్," అన్నాడాయన. ఆ ఒక్కమాటకే అలిసిపోయి నవ్వాడు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆమె పాత కాగితాలన్నీ పక్కన పెట్టి అర్జీ కొత్తగా రాసింది. ఒక మనిషి తన భార్యను టీ తాగావా అని అడగడానికి ఎంతసేపు పట్టిందో రాసింది. 'తాగా' వినగానే మా యంత్రం 'తాగాలి' అంటుంది, నేనూ అలాగే అన్నాను, ఆయన అన్నది అది కాదు, అని రాసింది. చివరి అక్షరం దాకా ఆగడం యంత్రానికి నేర్పాలంటే ఇన్ని గంటలు కావాలి అని, సగం కాదు, కావలసినన్నీ రాసింది. దయ అన్న మాట ఎక్కడా రాలేదు. రాకుండా జాగ్రత్తపడాల్సిన అవసరమూ రాలేదు.

రెండు నెలల తరవాత ఆ సంస్థ నుంచి జవాబు వచ్చింది. అడిగినదాంట్లో కొంత తగ్గించి, మిగిలింది ఇచ్చారు. పని సాగింది. అయితే ఆ శుక్రవారం సాయంత్రానికి హెప్సిబాకు ఇవేవీ తెలియవు. గడువు ఇంకో గంట ఉందనగా అర్జీ గురువుగారి ముందు పెట్టి నిలబడింది. ఆయన తాపీగా చదివారు. ఒకచోట కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇందులో నా గురించి రాసింది నా తప్పొక్కటే సార్," అంది హెప్సిబా. "మీకే ఎందుకు ఇవ్వాలి అన్నదానికి అది జవాబవుతుందా?"

వేదాద్రిగారు కాగితాలు సర్ది ఆమె చేతికిచ్చారు.

"అడిగినవాళ్ళలో ఆ తప్పు తెలిసినవాళ్ళు ఇంకెందరున్నారో ఆ సంస్థవాళ్ళే చూసుకుంటారమ్మా. నువ్వు పంపించు."